గోడ మీది రేపటమ్మ

విశ్వవిద్యాలయంలో పాఠం చెప్పేవాళ్లు, చదువుకునేవాళ్లు, ఫైళ్లు మోసేవాళ్లు ఉంటారని లోకానికి తెలుసు. లేని మనుషులను తయారుచేసేవాళ్లు కూడా ఉంటారని తెలియదు. గ్రంథాలయం వెనక మెట్లు దిగితే వచ్చే పొడవాటి గదిలో, కిటికీల్లోంచి దారిన పోయేవాళ్ల చెప్పులు మాత్రమే కనిపించే చోట, వెబ్ విభాగం ఉండేది. ఆ విశ్వవిద్యాలయపు వెబ్‌సైట్లూ అప్లికేషన్లూ అక్కడే పుట్టేవి. వాటికంటే ముందు, వాటిని వాడబోయే మనుషులు పుట్టేవారు. వాళ్లను యూజర్ పర్సోనాలు అనేవారు. ఒక్కొక్కరికి ఒక ముఖం, ఒక వయసు, ఒక కోరిక, ఒక చిరాకు. పెద్ద అట్టల మీద అచ్చువేసి గోడకు అంటించేవారు. అక్షరాలు ఆనని ముసలి ప్రొఫెసరు పేరు తాతగారు. ఏ పేజీ తెరిచినా పట్టుమని నిమిషం నిలవని గుమాస్తా పేరు తొందరమ్మ. "ఈ మీట తొందరమ్మకు కనిపిస్తుందా? ఈ పేజీ తాతగారు చదవగలరా?" అని అట్ట మీది మనిషిని అడిగి పని సాగించడం అక్కడి పద్ధతి. తొందరమ్మ ఎప్పుడూ సెలవు పెట్టేది కాదు, ఎదురు చెప్పేది కాదు. అందుకే ఆవిడంటే అందరికీ ఇష్టం.

వాళ్లను తయారుచేసే ఆవిడను అందరూ బొమ్మలక్క అనేవారు. నలభై దాటిన మనిషి. ఏటేటా కాంట్రాక్టు కొనసాగిస్తే సాగే ఉద్యోగం. పనిలో మాత్రం ఆమెకు ఒక పట్టుదల ఉండేది. కొత్తగా చేరినవాళ్లను గోడ ముందు నిలబెట్టి చెప్పేది: "బొమ్మ అంటే చాలామంది మాటలు కలిపి పోతపోసిన మనిషి. ఏ ఒక్కరి నీడా దాని మీద పడకూడదు. చూసినవాళ్లు 'ఇది నేనే' అంటే మన పని బాగున్నట్టు. 'ఇది ఫలానా ఆవిడ కదూ' అన్నారంటే ఆ అట్ట అక్కడికక్కడే చించేయాలి."

ఇంత స్పష్టంగా నియమం తెలిసిన మనిషే దాన్ని తప్పింది.

ఆడపిల్లలు వేధింపుల మీద ఫిర్యాదు చేసుకోవడానికి ఒక అప్లికేషన్ కావాలని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. అంతవరకు రిజిస్ట్రారు గది ఎదుట, వచ్చేపోయేవాళ్లందరి కళ్లముందు, తాళం వేసిన పెట్టె ఒకటి ఉండేది. అందులో కాగితం వేసిన ఆడపిల్లను ఎవరూ చూడలేదు. ఫిర్యాదులు లేవు గనుక వేధింపులు లేవని ఏటా నివేదిక మాత్రం వెళ్లేది.

"బొమ్మలక్కా, ప్రారంభోత్సవానికి ముహూర్తం కుదిరిపోయింది," అన్నాడు మేనేజరు, చేతిలోని టీ కప్పును ఆమె కాగితాల మీద పెడుతూ. "పై వారానికల్లా కొత్త బొమ్మలు గోడెక్కాలి."

"మాట్లాడటానికి మనుషులు రావాలి కదండీ."

"రాకపోతే ఊహించండి. ఆడవాళ్ల కష్టాలు మీకు ఒకరు చెప్పాలా?"

పక్క బల్ల దగ్గర ప్రోగ్రామరు తల తిప్పకుండా అన్నాడు: "ఊహించడానికైతే నేనూ ఉన్నాను సార్. ఇంటికెళ్లి మా ఆవిణ్ణి అడిగొస్తా, కష్టాలేంటని."

"నువ్వు కోడ్ రాయి నాయనా. మీ ఆవిడ కష్టాలకు వేరే అప్లికేషన్ కావాలి."

అందరూ నవ్వారు. బొమ్మలక్క కూడా నవ్వింది. ఆ గదిలో నవ్వు ఉద్యోగంలో భాగం.

హాస్టళ్లలో, క్యాంటీన్‌లో ప్రకటనలు అంటించింది. పేరు అడగం, మాటలు రికార్డు చేసినా పని కాగానే చెరిపేస్తాం అని స్పష్టంగా రాసింది. ఎవరూ రాలేదు. గడువు ముంచుకొస్తుండగా ఒక అమ్మాయి వచ్చింది. పరిశోధన చేస్తున్న పిల్ల. పాత మానిటర్లు పేర్చిన చిన్న గదిలో కూర్చోబెట్టింది ఆమెను. ఆ పిల్ల కూర్చోగానే చేతిలోని స్కూటర్ హెల్మెట్‌ను పక్క కుర్చీలో పెట్టింది. తర్వాత దాన్ని సరిచేసి మళ్లీ పెట్టింది.

"ఇక్కడికి ఇంకెవరూ రారులేమ్మా, కింద పెట్టుకో."

"అలవాటైపోయిందక్కా. పక్క కుర్చీ ఖాళీగా ఉంటే ఆయన వచ్చి కూర్చుంటారు." అని ఆగి, "ఇది ఫిర్యాదు కింద లెక్క కాదు కదా?" అంది.

"కాదమ్మా. అప్లికేషన్ ఎలా ఉండాలో తెలుసుకోవడానికే."

అప్పుడు చెప్పింది. ఆయన తన గైడ్. మిగతావాళ్లు వెళ్లాక ప్రయోగశాలలో రీడింగులు చూపించమంటాడు. ప్రగతి నివేదిక మీద సంతకం అడిగితే కలం మూత తీసి, కాగితం మీద ఆనించి, రాయకుండా ఆగుతాడు. కళ్లతో పక్క కుర్చీ చూపిస్తాడు. కూర్చుంటేనే సంతకం. ఎన్నోసార్లు ఫిర్యాదు రాయడం మొదలుపెట్టింది. రేపు పూర్తిచేద్దాంలే అనుకుని చెరిపేసింది. ఇంట్లో తల్లి ఒక్కతే, ఆమెకు చెప్పలేదు. చెబుతున్నంతసేపూ ఆ పిల్ల గొంతు మామూలుగానే ఉంది. కొన్నిచోట్ల మాత్రం వాక్యం సగంలో ఆగి, ఇంకో దారి పట్టేది. బొమ్మలక్క గుచ్చి అడగలేదు. చెప్పింది చాలనిపించింది.

మరొకరి కోసం ఎదురుచూసింది. ఎవరూ రాలేదు. మేనేజరు గుమ్మంలో నిలబడి గడియారం చూపించాడు. ఆమె ఆ ఒక్క పిల్ల మాటల్లోంచే బొమ్మ తయారుచేసింది. ప్రయోగశాలను గ్రంథాలయంగా మార్చింది. తల్లితో ఉండే పిల్లను హాస్టల్లో పెట్టింది. ముఖం ఎక్కడిదో కొన్న ఫొటో. పేరు రేపటమ్మ. అట్ట అడుగున 'ఆధారం' అనే గడి ఉంటుంది. అందులో 'పలువురు విద్యార్థినులతో ముఖాముఖీలు' అని రాసింది. ఆ గడిలో అందరూ ఎప్పుడూ అదే రాస్తారు.

హెల్మెట్‌ను, ఆగిన కలాన్ని మాత్రం తీయలేదు. తీద్దామని రెండుసార్లు చెయ్యి పోయింది. తీసేస్తే రేపటమ్మ వట్టి అట్టముక్క అయిపోతుంది. ఉంచితే ఊపిరి పీలుస్తుంది. తన జీవితంలో ఇంత సజీవమైన బొమ్మ చేయలేదు. చేసిన పని మీద మమకారం మనిషి కళ్లను ఎంత నున్నగా కప్పుతుందో ఆమెకు అప్పటికి తెలియదు.

ప్రారంభోత్సవం నాడు అట్టలన్నీ సెమినార్ హాలు వసారాలో నిలబెట్టారు. ప్రొఫెసర్లు బిస్కెట్లు తింటూ వాటి ముందు తిరిగారు. నెరిసిన గడ్డం, మృదువైన గొంతు ఉన్న ఒకాయన రేపటమ్మ ముందు చాలాసేపు నిలబడ్డాడు.

"మీరేనా రాసింది?"

"నేనేనండీ."

"కుర్చీలో హెల్మెట్!" అని ముచ్చటపడ్డాడు. "ఎవరమ్మా ఈ పిల్ల? నిజంగా ఉందా?"

"లేదు సార్. కల్పితం."

"కల్పితమంటే ఇలా ఉండాలి," అంటూ ఫోను తీసి ఫొటో తీసుకున్నాడు. బొమ్మలక్క ఆ మెప్పును ఇంటికి తీసుకెళ్లి, అన్నం తింటూ అత్తగారితో చెప్పుకుని మురిసింది.

అప్లికేషన్ బాగా పనిచేసింది. అందులో 'దాచుకో, తర్వాత పూర్తిచెయ్' అనే మీట ఉంది. అది రేపటమ్మ కోసం పెట్టిందే. ఆ మీట ధైర్యంతోనే పరిశోధన పిల్ల ఫిర్యాదు మొదలుపెట్టింది, కొన్నాళ్లు దాచింది, చివరకు ఒకనాడు పంపింది. ఆ తర్వాత కొద్ది వారాలకు వెబ్ విభాగం మెట్లు దిగివచ్చి, బొమ్మలక్క బల్ల ముందు నిలబడింది. చేతిలో గైడ్ ఇచ్చిన జవాబు ప్రతి.

"అక్కా, నా మాటలు నేనే దొంగిలించానట."

ఆయన జవాబు ఎంతో మర్యాదగా ఉంది. విద్యార్థిని పరిశోధనలో వెనకబడిందని, ఒత్తిడిలో ఉందని, ఆమె మీద తనకు కోపం లేదని రాశాడు. వసారాలో అందరూ చూసిన కల్పిత పాత్ర కథనే ఆమె తన కథగా రాసి పంపిందని, కుర్చీలో హెల్మెట్, సంతకం దగ్గర ఆగే కలం అచ్చంగా అవేనని, సాక్ష్యంగా అట్ట ఫొటో జతపరుస్తున్నానని రాశాడు. ఆ పాత్ర కల్పితమేనని తయారుచేసిన ఉద్యోగిని స్వయంగా తనతో చెప్పిందని కూడా రాశాడు.

బొమ్మలక్కకు వసారాలో ఫొటో తీసుకున్న మనిషి గుర్తొచ్చాడు. గడ్డం, మృదువైన గొంతు, బిస్కెట్ పొడి అంటిన వేళ్లు కళ్లముందు నిలిచాయి.

"తప్పుడు ఫిర్యాదని తేలితే నా రిజిస్ట్రేషన్ రద్దు చేస్తారు," అంది ఆ పిల్ల. "నేను మీకు ముందే చెప్పానని మీరొక్కరే చెప్పగలరు. చెప్తారా?"

"చెప్తానమ్మా."

"అట్ట మీద అంతా మార్చారు కదక్కా. ఆ రెండూ ఎందుకు ఉంచారు?"

బాగున్నాయని ఉంచానన్న జవాబు బొమ్మలక్క నాలుక చివరిదాకా వచ్చి, అక్కడే చచ్చిపోయింది.

చెప్పడానికి ఆధారం కావాలి. రికార్డింగు లేదు, అట్ట ఆమోదం పొందిన రోజే నియమం ప్రకారం తన చేత్తో చెరిపేసింది. ముఖాముఖీల పట్టికలో పేరు లేదు. పేర్లు రాయకూడదన్నది కూడా నియమమే. ఆ పిల్లను కాపాడటానికి పెట్టిన జాగ్రత్తలన్నీ ఇప్పుడు ఆ పిల్ల గొంతుకు బిగుసుకున్నాయి. ప్రోగ్రామరు వేళాకోళం మాని, ఎవరూ అడగకుండానే సర్వర్‌లో వెతికాడు.

"ఆ అమ్మాయి మొదటి చిత్తుప్రతి ఎప్పుడు దాచిందో దొరికిందక్కా," అన్నాడు. అతని ముఖం చూసి మిగతాది ఆమెకు అర్థమైంది. "అప్లికేషన్ తెరిచిన తర్వాతే. అంటే అట్ట పెట్టిన తర్వాతే. ఇది మనం చూపిస్తే ఆయనకే పనికొస్తుంది."

మేనేజరు తలుపు వేసి మాట్లాడాడు. "ఒక్కరి మాటల్లోంచే చేశానని చెప్పారనుకోండి, అప్పుడు ఆధారం గడిలో రాసింది అబద్ధం. ఆ ఒక్క అట్టతో ఆగుతుందా? ఇన్నేళ్ల మన నివేదికలన్నీ తవ్వుతారు. విభాగం మూసేస్తారు."

"మనుషులు రాకపోతే ఊహించి రాయమన్నది మీరే కదండీ?"

"నేను నోటితో అన్నాను. మీరు చేత్తో రాశారు," అన్నాడతను. పాపం, బెదిరిస్తున్నట్టు కూడా అనలేదు. ఉన్న సంగతి చెప్పినట్టే అన్నాడు.

ఇంట్లో ఆ సాయంత్రం భర్త మందుల దుకాణం నుంచి వచ్చి చొక్కా విప్పకముందే విషయం విన్నాడు. "నిన్నెవరు నెత్తికెత్తుకోమన్నారు? మధ్యేమార్గంగా చెప్పు. గుర్తులేదను. నీ కాంట్రాక్టు పోతే ఆ పిల్ల ఇస్తుందా ఉద్యోగం?"

ఆరిన బట్టలు మడతపెడుతున్న అత్తగారు, ముప్పై ఏళ్లు బడిపిల్లలను అదలించిన గొంతుతో అంది: "ఒరే, నువ్వెళ్లి కాళ్లు కడుక్కో. కోడలితో నేను మాట్లాడుకుంటా." కొడుకు లోపలికి వెళ్లేదాకా ఆగి అడిగింది: "ఏమే, ఆ పిల్ల చెప్పినదానికి నువ్వేమైనా కలిపావా?"

"కలపలేదత్తయ్యా. తీసేయాల్సింది తీయలేదు."

"నాతో చెప్పుకుని మురిసిపోయావే, ఎవరో పెద్దాయన మెచ్చుకున్నాడని. వాడేనా?"

"వాడే."

అత్తగారు చేతిలోని దిండు గలీబును మడిచి, విప్పి, మళ్లీ మడిచింది. "వెళ్లి చెప్పు."

"చెబితే నేను అబద్ధాలకోరునని తేలుతుంది."

"ఇన్నాళ్లూ తేలలేదని సంతోషించు."

విచారణ కమిటీ రిజిస్ట్రారు గది పక్క హాలులో కూర్చుంది. అధ్యక్షురాలు న్యాయశాస్త్రం బోధించే ఆచార్యురాలు. కంఠం ఎత్తదు, ఎవరినీ 'నువ్వు' అనదు. పరిశోధన పిల్లను బల్ల ఆ చివర కూర్చోబెట్టారు. బొమ్మలక్క ఉన్నది ఉన్నట్టు చెప్పింది. ఆ పిల్ల ముందు వచ్చిందని, బొమ్మ తర్వాత పుట్టిందని, రెండో మనిషి మాట అందులో లేనే లేదని.

"ఈ అట్ట మీద 'పలువురు విద్యార్థినులు' అని రాసింది మీరేనా?" అంది అధ్యక్షురాలు.

"నేనే."

"అది నిజమా?"

"కాదండీ."

"ఎందుకు రాశారు?"

"గడువు దగ్గరపడింది. అలా రాయడం మా దగ్గర అలవాటు."

"అంటే అవసరం కోసం నిజం కానిది రాశారు. అట్ట చూసిన ఆచార్యులు అడిగితే కల్పితమన్నారు. అదీ నిజం కాదంటున్నారు. ఈ రోజు చెబుతున్నది మాత్రం నిజమని మమ్మల్ని నమ్మమంటున్నారు." ఆవిడ కళ్లజోడు తీసి తుడుచుకుంది. "మీ మీద నాకు గౌరవం ఉంది. కానీ మీరే చెప్పండి, నా స్థానంలో మీరుంటే ఏం చేస్తారు?"

"ఆ పిల్లను నమ్ముతానండీ. నన్ను కాదు."

"ఆ పిల్ల మాటలు మీ అట్ట మీద ఉన్నాయి. అదే కదా చిక్కు."

ఎవరో దగ్గారు. ఎవరో నీళ్లు తాగారు. ఆ గదిలో దుర్మార్గులు లేరు. ఆధారాల క్రమాన్ని శ్రద్ధగా చూస్తున్న చదువుకున్నవాళ్లు ఉన్నారు. ఆ శ్రద్ధలో వేయోవంతు, సంతకానికి ముందు ఆ కలం ఎందుకు ఆగుతుందో కనుక్కోవడానికి ఖర్చు చేయాలని ఒక్కరికీ తోచలేదు. మిగతా విద్యార్థినులను పిలిచి అడగాలని తోచలేదు. అట్ట ముందా, అమ్మాయి ముందా అన్నది తేలితే న్యాయం తేలినట్టేనని వాళ్లు మనసారా నమ్మారు.

తీర్పు వచ్చింది. ఆరోపణ రుజువు కాలేదు. అయితే దురుద్దేశంతో చేసిందని కూడా తేలలేదు గనుక విద్యార్థిని రిజిస్ట్రేషన్ రద్దు చేయడం లేదు. పరిశోధన మధ్యలో గైడ్‌ను మార్చితే ఆమె భవిష్యత్తుకే నష్టం గనుక ఆయన దగ్గరే కొనసాగేందుకు దయతో అనుమతిస్తున్నాం. ఇకమీదట పర్సోనాలను పూర్తిగా ఊహతోనే తయారుచేయాలని వెబ్ విభాగానికి సూచిస్తున్నాం. 'దయ' అనే మాటను ఇంత నీచంగా వాడటం బొమ్మలక్క అంతకుముందు చూడలేదు. ఆ నెలాఖరుకు ఆమె కాంట్రాక్టు ముగిసింది. కొనసాగించలేదని ఎవరూ చెప్పలేదు. ఉదయం వచ్చి చూస్తే కంప్యూటరు ఆమెను లోపలికి రానివ్వలేదు.

పనిలేని మొదటి వారంలోనే ఫోను మోగింది.

"అమ్మకు చెప్పేశానక్కా," అంది ఆ పిల్ల. "పోలీసు స్టేషన్‌కు వెళ్తున్నాం. వస్తారా?"

వెళ్లింది. స్టేషన్ వరండాలో తల్లీకూతుళ్లు నిలబడి ఉన్నారు. తల్లి పొట్టి మనిషి, దర్జీ పని చేస్తుంది కాబోలు, రవిక భుజానికి దారపు పోగులు అంటుకుని ఉన్నాయి. బొమ్మలక్క నమస్కారం పెట్టింది. ఆవిడ పెట్టలేదు.

"కన్నదాన్ని. నాకు చెప్పుకోలేదు," అంది తల్లి. "నీకు చెప్పుకుంది. నువ్వు తీసుకెళ్లి గోడకు అంటించావు."

"అమ్మా, వద్దు," అంది కూతురు.

"ఏం వద్దు? అనకూడదా? ఆవిడేమైనా తిరిగి అంటోందా? అనదు. అనడానికి ఏముంది?"

బొమ్మలక్క తల వంచుకుంది. తర్వాత, "నేను లోపలికి వచ్చి మొదట్నుంచీ వరసగా చెప్తానమ్మా, అధికారికి సులువుగా అర్థమయ్యేలా," అంది ఆ పిల్లతో.

ఆ పిల్ల తల అడ్డంగా ఊపింది. "మీరు బయటే ఉండండక్కా. మిమ్మల్ని పిలిచి అడిగితే అడిగినంత వరకే చెప్పండి. మీరు చాలా బాగా చెప్తారు. మీరు చెబితే అది మళ్లీ మీదైపోతుంది."

తల్లీకూతుళ్లు లోపలికి వెళ్లారు. బొమ్మలక్క వరండాలో బల్ల మీద కూర్చుంది. మధ్యనున్నది చెక్క తడిక. మాటలు బయటికి వినిపిస్తున్నాయి. లోపల రాసుకుంటున్నది ఒక ఆడ అధికారి. "ఎక్కణ్నుంచి మొదలైందో అక్కణ్నుంచి చెప్పమ్మా," అంది. ఆ పిల్ల మొదలుపెట్టింది, తడబడింది, వెనక్కి వెళ్లింది. నెల చెప్పి కాదంది. ముందు జరిగింది వెనక చెప్పింది. ఆ మాటలను సరిచేసి, వరసన పేర్చి, అనవసరమైనది తీసేయాలని బొమ్మలక్క చేతివేళ్లు ఒళ్లో కదిలాయి. రెండో చేత్తో వాటిని నొక్కిపట్టింది.

"ఆ యూనివర్సిటీ కాగితంలో రాసిందేనా ఇదంతా?" అడిగింది అధికారి.

"కాదండీ. అందులో రాయంది చెప్తాను."

లోపల కొత్త కాగితం తీసిన చప్పుడైంది. తర్వాత ఆ పిల్ల ఒక సెలవురోజు సంగతి ఎత్తుకుంది. ప్రయోగశాల వెనక, రసాయనాలు దాచే గది సంగతి. పాత మానిటర్ల మధ్య కూర్చుని చెప్పిన రోజున, వాక్యాలు సగంలో ఆగి వేరే దారి పట్టింది ఆ రసాయనాల గది గుమ్మం దగ్గరే. అట్టకు చాలినంత దొరికిందని బొమ్మలక్క ఆనాడు అడగకుండా వదిలేసింది కూడా ఇక్కడే.

లోపల కలం చప్పుడు ఆగింది. కుర్చీ ఒకటి గట్టిగా జరిగింది. "ఎప్పుడు?" అంది తల్లి గొంతు, గుర్తుపట్టలేనంత చిన్నగా. "ఎప్పుడే తల్లీ? నాకు పనులెక్కువని నువ్వే వంట చేసిపెట్టావు, ఆ రోజా?"

"అమ్మా, నన్ను చెప్పనీ," అంది కూతురు. "ఇంకా ఉంది."

కలం మళ్లీ కదిలింది.